ఆ మిలట్రీ తాత ఏ పటాలం మనిషి?

గోడ మీది పాత ఫొటోలో టోపీ బిళ్ళ, భుజం మీద ఇత్తడి అక్షరాలు, జేబు పైన రంగుల రిబ్బన్లు కనిపిస్తాయి. వాటిని చదవడం తెలిస్తే ఆ మనిషి ఎక్కడున్నాడో, ఎప్పుడున్నాడో, ఏ పని చేశాడో తెలుస్తుంది.

గోదావరి డెల్టాలో ఒక పెంకుటిల్లు. వసారాలో దూలం కింద మూడు ఫొటోలున్నాయి. మధ్యది స్టూడియోలో తీయించుకున్నది. వెనక రంగులు వేసిన తెర, పక్కన పూలకూజా పెట్టిన సన్నకాళ్ళ బల్ల, దాని మీద ఓ చెయ్యి ఆనించి నిటారుగా నిలబడ్డ పాతికేళ్ళ కుర్రాడు. ఖాకీ చొక్కా వేసుకుని, గుడ్డ టోపీ ఏటవాలుగా పెట్టుకున్నాడు. "మా తాతయ్యండీ. బర్మా యుద్ధంలో కెప్టెన్‌గా చేశారు" అంటారు ఇంటివాళ్ళు.

భూతద్దం పెడితే ఫొటో వేరే మాట చెబుతుంది. చొక్కా చేతి మీద రెండు గీతలు, వి ఆకారంలో ఉన్నాయి. అంటే నాయక్. కెప్టెన్‌కి గీతలుండవు, భుజం మీద మూడు నక్షత్రాలుంటాయి. భుజం పట్టీ చివర ఇత్తడి అక్షరాలు ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని చదవడానికి వస్తున్నాయి. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అన్నమాట. ముందు వరసలో ఉన్నవాళ్ళకి తిండి, పెట్రోలు, మందుగుండు చేరవేసిన విభాగం అది. ఇక ఎడమ జేబు పైన మూడు రిబ్బన్లున్నాయి. మొదటిది మూడు సమానమైన చారలది. అది 1939–45 స్టార్, యుద్ధరంగంలో పనిచేసిన వాళ్ళకిచ్చింది. చివరిది వార్ మెడల్. మధ్యదే అసలు చిక్కు.

బర్మా స్టార్ రిబ్బన్‌కి మధ్యలో వెడల్పాటి ఎర్ర చార, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలం నడుమ సన్నటి నారింజ గీత ఉంటాయి. ఆఫ్రికా స్టార్‌కి ఇసుకరంగు నేల, మధ్యలో ఎర్ర చార, అటొక ముదురు నీలం గీత, ఇటొక లేత నీలం గీత. ముదురు నీలం నౌకాదళానిది, లేత నీలం వైమానిక దళానిది. రంగుల్లో చూస్తే ఈ రెంటినీ ఎవరూ పొరబడరు. నలుపు తెలుపుల్లో మాత్రం రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పైగా ఆ రోజుల్లో చాలా స్టూడియోల్లో వాడిన ఫిల్ము ఎరుపుని గ్రహించేది కాదు. ఎరుపు నల్లగా పడుతుంది, నీలం తెల్లబారిపోతుంది. కాబట్టి ఛాయని నమ్మకూడదు, పొందిక చూడాలి. బర్మా రిబ్బన్‌లో కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దం పట్టినట్టుంటాయి. ఆఫ్రికా రిబ్బన్‌లో రెండు పక్కల గీతలు ఒకే ఛాయలో ఉండవు. ఈ ఫొటోలో ఒక గీత బూడిదరంగు, రెండోది దాదాపు తెలుపు. తాతయ్య వెళ్ళింది బర్మాకి కాదు, ఆఫ్రికాకి.

ఎప్పుడు తీశారో కూడా దీన్నిబట్టే చెప్పొచ్చు. వార్ మెడల్‌ని 1945 ఆగస్టులో నెలకొల్పారు, కాబట్టి ఫొటో అంతకు ముందుది కాదు. టోపీ బిళ్ళ మీద కిరీటం ఉంది, కాబట్టి 1950 తర్వాతది కావడం కష్టం. యుద్ధకాలంలో చేరినవాళ్ళలో ఎక్కువమందిని 1945 చివరి నుంచి 1947 లోపు ఇళ్ళకు పంపేశారు. సర్వీసు అయిపోయి ఊరొచ్చాక, ఆ యూనిఫాం పెట్టెలోకి వెళ్ళకముందు పక్క టౌనుకెళ్ళి తీయించుకున్న ఫొటో అయ్యుంటుంది.

కెప్టెన్ నాయక్ అయినందుకు, బర్మా ఆఫ్రికా అయినందుకు ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండల దగ్గర 4వ, 5వ భారతీయ డివిజన్లు ఇటలీ సేనని ఓడించాయి. తర్వాత లిబియా, ట్యునీషియా ఎడారుల్లో నాలుగో డివిజన్ నడిచిన దారి పొడుగునా నీళ్ళ డబ్బాలు, గుళ్ళపెట్టెలు, రొట్టెపిండి ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి. ఆ మోతబరువు లేకుండా ఆ గెలుపులు లేవు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో చేరింది 25 లక్షల మంది. మద్రాసు రాజధాని నుంచి వెళ్ళినవాళ్ళలో పెద్ద భాగం ఇలాంటి విభాగాల్లోనే పనిచేశారు. డ్రైవర్లు, వంతెనలూ రోడ్లూ కట్టే సాపర్లు, పయనీర్లు, సిగ్నల్ మనుషులు, వర్క్‌షాపు మెకానిక్కులు, వంటవాళ్ళు. మన ఊళ్ళలో కథలు చెప్పుకునేటప్పుడు వీళ్ళందరినీ తుపాకీ పట్టించి ముందు వరసలో నిలబెడతాం. అలా చేసి వాళ్ళు నిజంగా చేసిన పనిని చెరిపేస్తున్నాం. భుజం మీది అక్షరాలు చదివితే ఆ పని మళ్ళీ వాళ్ళ ఖాతాలో పడుతుంది. ఈ కథనం రాయడానికి కారణం అదే.

ఇంటిపేరు, అద్దింటి చిరునామా

సైనికుడి ఒంటి మీద గుర్తులు రెండు రకాలు. టోపీ బిళ్ళ, భుజం మీది అక్షరాలు పటాలానివి. చొక్కా చేతి పైభాగాన కుట్టిన గుడ్డ ముక్క డివిజన్‌దో, కోర్‌దో, కమాండ్‌దో. పటాలం గుర్తు ఇంటిపేరు లాంటిది, చేరిన నాటి నుంచి పింఛను దాకా సాధారణంగా మారదు. చేతి మీది గుడ్డ అద్దింటి చిరునామా లాంటిది, బదిలీ అయినప్పుడల్లా మారుతుంది. ఒకే మనిషివి రెండు ఫొటోలుండి, చేతి మీద రెండు వేర్వేరు గుర్తులు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. రెండుచోట్ల పనిచేశాడన్నమాట.

ఈ గుడ్డ గుర్తులంత అందమైనవి సైన్యంలో మరేవీ లేవని నా అభిప్రాయం. నాలుగో డివిజన్‌ది రెక్కలు విప్పిన ఎర్ర గద్ద. అయిదోది నల్లటి నేల మీద ఎర్రటి గుండ్రం, దాన్నే అగ్నిగోళం అనేవారు. ఏడోది బంగారు బాణం. పదిహేడోది పసుపు మీద నల్లపిల్లి. పంతొమ్మిదోది కత్తి పట్టిన చెయ్యి. ఇరవై మూడోది పందెంకోడి. ఇరవై అయిదోది పేకముక్కల్లోని ఇస్పేటు ఆసు. ఇరవై ఆరోది బెంగాల్ పులి. శత్రువు చేతికి ఆ గుడ్డ చిక్కినా డివిజన్ నంబరు తెలియకూడదు, మనవాడికి మాత్రం రోడ్డు మీద లారీ చూడగానే ఎవరిదో తెలియాలి. అందుకే అంకెలు లేని బొమ్మలు.

బర్మాలో యుద్ధం నడిపిన పద్నాలుగో సైన్యం గుర్తుకి ఓ చిన్న చరిత్ర ఉంది. ఎర్ర డాలు మీద కత్తి, మొన కిందికి. చిహ్నాల శాస్త్రం తెలిసినవాళ్ళు అలా గీయరు, కత్తి మొన పైకే ఉండాలంటారు. దాన్ని గీసింది సేనాని విలియం స్లిమ్. తన సైన్యం ఉత్తరాన ఉంది, బర్మా దక్షిణాన ఉంది, దాన్ని పైనుంచి కిందికి దిగుతూ గెలవాలి, అందుకే కత్తి కిందికి చూడాలన్నాడు. ఇంఫాల్, కోహిమా దాటి రంగూన్ చేరేదాకా ఆ గుడ్డని చేతికి కుట్టుకున్నవాళ్ళలో మన జిల్లాల మనుషులూ ఉన్నారు. అప్పటి రంగూన్‌లో రేవు పనులు, మిల్లు పనులు చేసుకునే తెలుగువాళ్ళ పేటలుండేవి. 1942లో అక్కడి నుంచి నడిచి వచ్చినవాళ్ళ కుటుంబాల్లోంచి మూడేళ్ళ తర్వాత సైనికుడిగా ఎవరో తిరిగి వెళ్ళి ఉంటే ఆ గుడ్డముక్క ఆ ఇంట్లో ఏ పెట్టెలోనో ఉండొచ్చు.

కాలం కట్టడానికి పనికొచ్చే మెలిక ఇక్కడుంది. పదిహేడో డివిజన్ ముందు మెరుపుతీగని పెట్టుకుంది. 1942లో సిట్టాంగ్ నది దగ్గర చావుదెబ్బ తిని, ఇండియాకి వెనక్కొచ్చి కోలుకున్నాక నల్లపిల్లికి మారింది. కాబట్టి మెరుపు కనిపిస్తే యుద్ధం తొలి ఏళ్ళు, పిల్లి కనిపిస్తే తర్వాతివి. కానీ పిల్లి అక్కడితో ఆగలేదు. స్వతంత్ర భారత సైన్యంలో మళ్ళీ ఏర్పడిన పదిహేడో డివిజన్ ఇప్పటికీ నల్లపిల్లినే పెట్టుకుంటుంది. ఎర్ర గద్ద, అగ్నిగోళం, ఇస్పేటు ఆసు, పులి కూడా అంతే, నేటికీ బతికే ఉన్నాయి. అందుకని బొమ్మ ఒక్కటే చూసి 1944 అని తేల్చేయకూడదు. గుడ్డ చూడాలి, దారం చూడాలి, పక్కన ఏ బిళ్ళ ఉందో చూడాలి.

కిరీటమా, సింహాలా?

అన్నిటికన్నా తేలికైన గీటురాయి 1950 జనవరి 26. అంతకు ముందు బిళ్ళల మీద బ్రిటిష్ కిరీటం, తర్వాత అశోకుడి సింహాలు. అధికారుల భుజం మీద కిరీటం పోయి సింహాలొచ్చాయి, బ్రిటిష్ నమూనా చతురస్రపు నక్షత్రం పోయి అయిదు కోణాల నక్షత్రం వచ్చింది. పటాలాల పేర్ల ముందున్న రాయల్ రాలిపోయింది. వైమానిక దళానికి రాయల్ అనే గౌరవం 1945 మార్చిలోనే వచ్చింది, అయిదేళ్ళు కూడా నిలవలేదు. అందుకే ఆర్.ఐ.ఎ.ఎఫ్. అక్షరాలున్న బిళ్ళ కాలాన్ని ఇట్టే చెప్పేస్తుంది. అలాగే ఐ.ఇ.ఎం.ఇ. అంటే మెకానిక్కుల కోర్, అది 1943లో పుట్టింది. ఆ అక్షరాలున్న ఫొటోని ఎవరైనా 1940 నాటిదంటే ఒప్పుకోవద్దు. ఇంతటి మార్పు దేశమంతటా ఒక్కరోజులో జరిగే పని కాదు గనక 1950కి అటూ ఇటూ కాస్త వెసులుబాటు ఇవ్వాలి.

కిరీటంలోనూ తేడాలున్నాయి. 1901 నుంచి వాడినదాని కమానులు గుండ్రంగా పైకి ఉబ్బి ఉంటాయి. 1952లో ఎలిజబెత్ రాణి వచ్చాక బ్రిటిష్ బిళ్ళల మీద కమానులు నడుమ కిందికి వంగిన కిరీటం వచ్చింది. అప్పటికి మనం గణతంత్రమై రెండేళ్ళు దాటింది. రెండో ప్రపంచ యుద్ధపు భారతీయ పటాలం బిళ్ళ అంటూ ఆ వంగిన కిరీటంతో ఎవరైనా అమ్మజూపితే అది ఈమధ్య పోతపోసిందే అనుకోండి. దీంతోపాటు ఇంకో జాగ్రత్త. మద్రాస్ సాపర్ల భుజం మీద క్యు.వి.ఓ. అని కనిపిస్తే విక్టోరియా కాలం నాటిదని పరుగెత్తకూడదు. క్వీన్ విక్టోరియాస్ ఓన్ అన్నది ఆ దళానికిచ్చిన గౌరవనామం, రాణి పోయిన నలభై ఏళ్ళ తర్వాత కూడా వాళ్ళ భుజాల మీద ఉంది.

కిరీటమూ మన చక్రమూ ఒకే లోహం మీద కలిసిన పతకం ఒకటుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అది భారత స్వాతంత్ర్య పతకం, 1947. వెండిలా మెరిసే గుండ్రటి బిళ్ళ. ముందు వైపు నడుమ అశోకచక్రం, దాని నెత్తిన బ్రిటిష్ కిరీటం, చుట్టూ ఆరో జార్జి పేరు లాటిన్‌లో. తిప్పితే మూడు సింహాలు, పైన ఇండియన్ ఇండిపెండెన్స్ అని, కింద 1947 ఆగస్టు 15 తేదీ ఇంగ్లీషులో. రిబ్బన్ కాషాయం, తెలుపు, పచ్చ. 1947 ఆగస్టుకీ 1950 జనవరికీ మధ్య మన దేశం ఎక్కడ నిలబడిందో ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చూపించలేదు. ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్ళకి ఇచ్చారు గనక ఎన్నో ఇళ్ళలో ఉంటుంది. కేవలం రిబ్బన్ చూసి, కాంగ్రెస్ బ్యాడ్జి కాబోలనుకుని పిల్లల ఆటబొమ్మల్లో పడేసిన ఇళ్ళూ ఉన్నాయి. ఫొటోలో జేబు పైన మూడు సమాన చారలు రెండు రిబ్బన్లకి కనిపిస్తే, ఒకటి 1939–45 స్టార్, రెండోది ఇది అయ్యే అవకాశం ఉంది. అప్పుడు ఆ ఫొటో 1948కి ముందుది కాదు.

వరస కూడా చెబుతుంది. పతకాల్లో పెద్దది గుండె నడుమకి దగ్గరగా, చిన్నది భుజం వైపు ఉంటుంది. బ్రిటిష్ కాలంలో 1939–45 స్టార్ ముందు వరసలో ఉండేది. గణతంత్రం వచ్చాక మన పతకాలు ముందుకొచ్చాయి, పాత దొరల పతకాలు వెనక్కి వెళ్ళాయి. జమ్మూ కశ్మీర్ అన్న పట్టీతో జనరల్ సర్వీస్ మెడల్ 1947 ముందుండి, బర్మా స్టార్ దాని తర్వాత ఉంటే, ఆ మనిషి మొదట స్లిమ్ సైన్యంలో, ఆ వెంటనే కశ్మీర్ కొండల్లో ఉన్నాడనీ, ఫొటో గణతంత్రం వచ్చాక తీసిందనీ చెప్పొచ్చు. రిబ్బన్ మీద చిన్న కంచు ఆకు కనిపిస్తే అదెంతో విలువైన ఆధారం. యుద్ధ నివేదికల్లో పేరు ప్రస్తావనకొచ్చిన వాళ్ళ గుర్తది. ఓక్ ఆకైతే బ్రిటిష్ కాలం, తామరాకైతే స్వతంత్ర భారతం.

హైదరాబాద్ అని రాసుంటే

తెలుగువాళ్ళు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే. భుజం మీద హైదరాబాద్ అన్న పేరు కనిపించగానే మనవాడే అనుకుంటాం. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు కనీసం మూడు రకాలు.

మొదటిది 19వ హైదరాబాద్ రెజిమెంట్. దాని మూలం నిజంగా హైదరాబాదే. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ ఇక్కడ కూర్చిన దళాల్లోంచి, తర్వాతి హైదరాబాద్ కంటింజెంట్‌లోంచి వచ్చింది. కానీ ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి అందులో కుమావూ కొండవాళ్ళు, అహీర్లు, జాట్లు ఉండేవారు. 1945 అక్టోబరులో దాని పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది. ఇప్పుడు దాని స్థావరం ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్. కాబట్టి హైదరాబాద్ అన్న ఆ బిళ్ళ అల్మోడాలో ఓ ఇంట్లో దొరకడానికే ఎక్కువ వీలుంది, కాలం 1945కి ముందు.

రెండోది నిజాం సొంత సైన్యం. వీళ్ళ అశ్వికులు మొదటి ప్రపంచ యుద్ధంలో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి పాలస్తీనాలో పనిచేశారు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గరున్న మూడు కంచు సైనికుల్లో ఒకరు హైదరాబాద్ లాన్సరే. రెండో యుద్ధంలో నిజాం పదాతి దళం ఒకటి మలయాలో కోట భారు విమానాశ్రయం కాపలాలో ఉండగా 1941 డిసెంబరులో జపాన్ సేన అక్కడ దిగింది. మన ఊళ్ళలో నిజాం సర్కారు సిపాయి అని చెప్పుకునేవాళ్ళ ఫొటోలు దొరికితే వెతకాల్సింది బ్రిటిష్ ఇండియా జాబితాల్లో కాదు, సంస్థానాల సైన్యాల జాబితాల్లో.

మూడోది వింతైనది. ఇంగ్లండు వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని బిళ్ళ నడుమ నిజాం తలపాగా, అంటే దస్తార్ బొమ్మ ఉంటుంది, కింద నినాదం నమ్మకమైన మిత్రుడు అన్న అర్థంతో. బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకిచ్చిన బిరుదు అదే. 1940లో ఇంగ్లండు ఆకాశంలో స్పిట్‌ఫైర్లు నడిపి జర్మన్లతో తలపడ్డ దళం అది, తర్వాత బర్మాకీ వచ్చింది. అంతకు ముందు మొదటి యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు నిజాం కానుకగా ఇచ్చాడు, దానికీ హైదరాబాద్ పేరే. దస్తార్ బొమ్మ చూసి ఆసఫ్‌జాహీ సైన్యపు బిళ్ళ అని వేల రూపాయలు పోసి కొనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

మద్రాసు ఏనుగు

మద్రాస్ రెజిమెంట్ బిళ్ళ మీది ఏనుగు 1803 నాటి అస్సాయే యుద్ధానిది. ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా దగ్గర మరాఠాల మీద బ్రిటిష్ సేనాని వెల్లెస్లీ గెలిచిన ఆ యుద్ధంలో మద్రాసు పటాలాలు పోరాడాయి, ఏనుగు వాళ్ళకి దక్కిన గౌరవం. బిళ్ళని బట్టి కాలం కట్టాలంటే ఈ పటాలం పడ్డ కష్టం తెలియాలి. 1922 దాకా ఇవి నంబర్లతో, కర్ణాటిక్ ఇన్‌ఫంట్రీ వంటి పేర్లతో విడివిడిగా ఉండేవి. అప్పుడు మూడో మద్రాస్ రెజిమెంట్‌గా కలిపారు. యుద్ధజాతులు ఉత్తరాదివాళ్ళేనన్న దొరల నమ్మకం కారణంగా 1920ల చివరికల్లా దాని రెగ్యులర్ పటాలాలన్నిటినీ రద్దుచేశారు. మద్రాస్ పయనీర్లని 1933లో ఎత్తేశారు. మళ్ళీ ప్రపంచ యుద్ధం మీదికొచ్చాకే మద్రాసు పదాతి దళం లేచి నిలబడింది. అందుకని 1930ల్లో పూర్తికాలం మద్రాస్ రెజిమెంట్‌లో చేశాడని ఎవరి గురించైనా చెప్పుకుంటే ఆ మాట దగ్గర ఆగి చూడాలి. టెరిటోరియల్ దళం కావచ్చు, సాపర్లు కావచ్చు. సాపర్లని మాత్రం ఎవరూ కదిలించలేదు. బెంగళూరు స్థావరంగా, దూప్తా అనే తమదైన టోపీతో, తంబి అనే ముద్దుపేరుతో ఆ దళం నేటికీ ఉంది.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలట్రీ మాధవరం అని ఊరికే అనరు. అక్కడ తరతరాలుగా ఇంటికొకరన్నట్టు సైన్యానికి వెళ్ళారు. ఆ ఊరి వీధుల్లోని గోడల మీదున్న ఫొటోలన్నీ ఒక్కచోట పెట్టి, భుజం అక్షరాలనీ రిబ్బన్లనీ చదివి రాస్తే, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి కార్గిల్ దాకా తెలుగువాళ్ళ సైనిక చరిత్ర ఒక ఊళ్ళో దొరుకుతుంది. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల్లో ఎవరైనా ఈ పనికి పూనుకోవాలని నా కోరిక.

అంచు మీది పేరు

పతకాన్ని ముందూ వెనకా చూసి పక్కన పెట్టేస్తారు చాలామంది. అసలు సాక్ష్యం అంచు మీదుంటుంది. గుండ్రటి పతకాన్ని నిలబెట్టి వెలుతురుకి ఏటవాలుగా తిప్పితే సన్నటి అక్షరాలు కనిపిస్తాయి. ముందు నంబరు, తర్వాత హోదా, తర్వాత పేరు, చివర పటాలం. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల్లో ఇది దాదాపు ఖాయం. ఆ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, అందుకే మన దగ్గర ఎన్నో కంసాలి కొలిమిలో కరిగి కాలిపట్టీలయ్యాయి. దాంతోపాటు వచ్చిన కంచు విక్టరీ మెడల్ మాత్రం కరిగించినా గిట్టదు గనక మిగిలిపోయింది. జతలో ఒకటే ఉంటే అనుమానించకండి, రెండోది ఎందుకు లేదో ఊహించుకోవచ్చు.

అంచు మీద హోదాని పొట్టి అక్షరాల్లో రాస్తారు. ఎస్.పి.ఆర్. అంటే సాపర్, డి.వి.ఆర్. అంటే డ్రైవర్, పి.ఎన్.ఆర్. అంటే పయనీర్. జె.ఇ.ఎం. అంటే జమాదార్. ఈ జమాదార్ హోదా పేరుని 1965లో నాయబ్ సుబేదార్‌గా మార్చారు, కాబట్టి అదీ కాలం చెప్పే మాటే. సుబేదార్ భుజం మీద రెండు నక్షత్రాలుంటాయి, లెఫ్టినెంట్‌కీ రెండే. తేడా నక్షత్రాల కింద ఉండే ఎరుపు, పసుపు పట్టీలో ఉంది. పట్టీ ఉంటే సిపాయిగా చేరి మెట్టు మెట్టు ఎక్కినవాడు. ఇరవై ఏళ్ళ చెమట ఉంటుంది ఆ పట్టీ వెనక. అలాంటివాణ్ణి లెఫ్టినెంట్ అని పిలిచి పొగిడామనుకోవడం ఆయన్ని పొగిడినట్టు కాదు.

అంచుని బొటనవేలితో తడిమి చూడండి. ఒకచోట పల్లంగా తగిలితే పాత పేరు అరగదీసి కొత్త పేరు చెక్కారేమోనని చూడాలి. అక్షరాలు ఒక్క తీరుగా లేకపోయినా అంతే. మన ఇళ్ళలో మరో ముప్పుంది. దసరాకి ఆయుధపూజలో పెట్టే ముందు పతకాలని చింతపండుతో, ముగ్గుపిండితో, బజారులో దొరికే పాలిష్‌తో తళతళలాడేలా తోముతారు. భక్తితోనే చేస్తారు. కానీ తోమిన ప్రతిసారీ అంచు మీది పేరు కొంచెం కొంచెం పోతుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమలు పక్కన పెట్టి పూజ చేసుకోవచ్చు.

గుడ్డ గుర్తుల్లో నకిలీలు ఎక్కువ. యుద్ధకాలంలో వీటిని కంటోన్మెంటు బజార్లలో దర్జీలు కూడా కుట్టిచ్చారు గనక పిల్లి తోక ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు, ఆ తేడాలు సహజం. చేతికుట్టు, నూలుగుడ్డ, వెనక వేలాడే దారపు పోగులు, చాకిరేవులో వెలిసిన రంగు ఉంటే మంచి లక్షణం. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను మీద అచ్చు గుద్దినట్టు వచ్చి, చుట్టూ దళసరి అంచుకుట్టు ఉంటే ఈమధ్యది. పాతదనం కోసం టీ డికాక్షన్‌లో ముంచి ఎండబెట్టేవాళ్ళున్నారు. అప్పుడు గుడ్డంతా ఒకే గోధుమరంగు పడుతుంది, నిజంగా వాడినదైతే ఎండ తగిలిన వైపు ఒకలా, మడత లోపల ఒకలా ఉంటుంది. నోట్లు పరీక్షించే నీలి దీపం కింద పెడితే కొత్త సింథటిక్ దారం మెరుస్తుంది, పాత నూలు మెరవదు. కాకపోతే పాతగుడ్డని ఇప్పటి డిటర్జెంటుతో ఒక్కసారి ఉతికినా అది కూడా మెరుస్తుంది. ఈ దీపాన్ని సాక్షిగా పిలవొచ్చు, తీర్పు మాత్రం దానికి అప్పగించకూడదు.

పతకాలు కుడివైపు ఉన్న ఫొటో దొరికితే రెండు కారణాలు చూడాలి. ఒకటి, నెగటివ్ తిరగబడి అచ్చయి ఉండొచ్చు. అప్పుడు భుజం అక్షరాలు కూడా అద్దంలోలా ఎదురు తిరిగి ఉంటాయి. రెండు, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో స్మృతిదినాల నాడు పిల్లలూ మనవలూ తమ పెద్దల పతకాలని కుడివైపు పెట్టుకుంటారు, తమవైతేనే ఎడమవైపు.

నంబరు దొరికాక

పటాలం తేలి, నంబరు దొరికిందంటే దారి పడ్డట్టే. ఒక్కో విభాగానికీ ఒక్కో రికార్డ్స్ ఆఫీసు ఉంది. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్లది బెంగళూరులో, ఫిరంగి దళానిది నాసిక్‌లో. మెకానిక్కుల కోర్ ఇ.ఎం.ఇ.ది, ఆర్డినెన్స్ కోర్‌ది మాత్రం మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఏ ఆఫీసుకి రాయాలో తెలియాలంటే ముందు భుజం మీది అక్షరాలు సరిగ్గా చదివి ఉండాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళు ఉత్తరం ఎలా రాయాలో చెబుతారు. యుద్ధంలో తిరిగిరాని మనిషైతే కామన్వెల్త్ యుద్ధసమాధుల సంఘం జాబితా చూడాలి. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీదే సమాధి దొరకని దాదాపు 27,000 మంది పేర్లున్నాయి. అక్కడ పేరు కన్నా నంబరే అక్కరకొస్తుంది. మన పేర్లని అప్పటి గుమాస్తాలు ఇంగ్లీషులో తోచినట్టు రాశారు. అచ్చన్నని ఎ.టి.సి.హెచ్.తో మొదలెట్టిన గుమాస్తా ఉన్నాడు, ఇంటిపేరుని తండ్రిపేరు గడిలో వేసినవాడూ ఉన్నాడు.

ఇదంతా పోయినవాళ్ళ సంగతి. ఉన్నవాళ్ళ దగ్గరికి ఇంకా ఎవరూ వెళ్ళడం లేదు. 1971 యుద్ధం నాటికి పాతికేళ్ళున్న మనిషికి ఇప్పుడు ఎనభై చేరువైంది. రిపబ్లిక్ డే నాడు ఎం.ఆర్.ఓ. ఆఫీసు దగ్గరికి కోటు వేసుకుని, పతకాల పట్టీ తగిలించుకుని వచ్చే ఆయన్ని చూస్తూనే ఉంటాం. పూర్వీ స్టార్ ఉంటే తూర్పున, బంగ్లాదేశ్ వైపు ఉన్నాడు. పశ్చిమీ స్టార్ ఉంటే పంజాబ్, రాజస్థాన్, కశ్మీర్ వైపు. సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే ఆ రోజుల్లో సర్వీసులో ఉన్నాడు, యుద్ధరంగంలో కాకపోవచ్చు. సమర్ సేవా స్టార్ కూడా ఉంటే 1965 యుద్ధం కూడా చూసినవాడు. ఇంతవరకు మనం చదవగలం. ఏ వంతెన కట్టాడో, ఏ రోడ్డు మీద లారీ తోలాడో, చేతి మీది బొమ్మ ఎప్పుడు మారిందో ఆయనే చెప్పాలి.

కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని, నోటుపుస్తకం తెరవండి. యుద్ధం ఎలా జరిగింది తాతయ్యా అని మొదలెట్టవద్దు. దానికి సినిమాల్లో విన్న జవాబే వస్తుంది. మీ నంబరెంత అని అడగండి. ఏ సైనికుడూ తన నంబరు మరచిపోడు. ట్రైనింగ్ ఎక్కడ, భుజం మీద ఏ అక్షరాలుండేవి, చేతికి ఏ బొమ్మ కుట్టుకున్నారు, కంపెనీ ఏది, మీ పక్క మంచం ఎవరిది, జట్టులో ఇంకా తెలుగువాళ్ళెవరు, అని వరసగా అడగండి. డిశ్చార్జి పుస్తకం ఎక్కడుందో కనుక్కుని ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తీసుకోండి. పక్క మంచం మనిషి పేరు చెప్పారంటే ఆయన ఊరు కూడా రాసుకోండి. ఆయనకీ ఓ ఫొటో ఉండే ఉంటుంది.